సిహనౌక్‌విల్ ఉచ్చులో మన బిడ్డలు

సొంత పౌరుడు ఆడితే నేరం, పరాయివాడితో ఆడిస్తే లైసెన్సు. జూదం విషయంలో కంబోడియా పాలకులు ఏళ్ల తరబడి నడుపుతున్న నీతి ఇదే. తమ జనం కొంపలు గుల్లకాకుండా గుమ్మం దగ్గర అడ్డుకట్ట వేశామనుకున్నారు. ఆ గుమ్మం లోపల ఏం జరుగుతోందో పట్టించుకోలేదు. సైబర్ మోస కేంద్రాల్లో చిక్కి దాని ఫలితం అనుభవించినవారిలో విశాఖ, శ్రీకాకుళం కుర్రాళ్లూ ఉన్నారు.

సిహనౌక్‌విల్ కంబోడియాలో థాయ్ సింధుశాఖ ఒడ్డున ఉన్న రేవు పట్టణం. తెల్లటి ఇసుక, చవక గదులు, విదేశీ యాత్రికులు: పదేళ్ల కిందటి వరకు దాని పేరు అంతే. చైనా ప్రధాన భూభాగంలో జూదం నిషిద్ధం కనుక అక్కడి పెట్టుబడి ఇక్కడికి మళ్లింది. కాసినో హాలు చాలావరకు పైకి కనిపించే ముఖమే. అసలు రాబడి పై అంతస్తుల్లో ఉండేది. పేకముక్కలు పంచే అమ్మాయి ముందు కెమెరా, చైనాలో ఎక్కడో ఫోన్ పట్టుకుని పందెం కాసే మనిషి. అద్దెలు ఆకాశాన్నంటాయి. స్థానికులు ఊరి అంచులకు జరిగారు. 2019 జూన్‌లో కడుతూ ఉన్న ఏడంతస్తుల భవనం కూలి 28 మంది చనిపోయారు. పగలంతా పనిచేసిన కూలీలు రాత్రి ఆ భవనంలోనే పడుకునేవారు.

అదే ఏడాది ఆగస్టులో నాటి ప్రధాని హున్ సేన్ ఆన్‌లైన్ జూదం లైసెన్సులకు స్వస్తి పలికారు. చైనీయులు వేలల్లో వెళ్లిపోయారు, ఆపై కొవిడ్ వచ్చిపడింది. సగం కట్టిన భవంతులు వందల్లో మిగిలాయి. వాటితోపాటు గదులు, కంప్యూటర్లు, కాపలా మనుషులు, డబ్బు దేశాలు దాటించే దళారులు కూడా మిగిలారు. పందెం కాసేవాడు దొరకనప్పుడు మోసపోయేవాణ్ని వెతుక్కున్నారు. నిషేధం జూదానికే పరిమితమైంది, దాన్ని నడిపిన యంత్రాంగం జోలికి పోలేదు. మా దృష్టిలో అసలు తప్పు అక్కడే జరిగింది.

కంబోడియాలో సుమారు లక్ష మందితో బలవంతంగా సైబర్ మోసాలు చేయిస్తున్నారని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది. 2025లో మానవహక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఆ దేశంలో 53 మోస కేంద్రాలను గుర్తించింది. దొంగలు రాకుండా గోడ మీద ముళ్లతీగ వేయడం అందరూ చేసే పనే. ఇక్కడ ఆ తీగ లోపలివైపు వంగి ఉంటుంది.

డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి విశాఖ ఏజెంట్లు తలకు లక్షన్నర దాకా గుంజారు. అక్కడ దిగగానే పాస్‌పోర్టు లాక్కుని, అమ్మాయి ఫొటోతో దొంగ ఫేస్‌బుక్ ఖాతా చేతికిచ్చారు. వల వేయాల్సింది భారతీయులకే. మన తెలుగే పెట్టుబడిగా మనవాళ్ల జేబులు కొట్టించారన్నమాట. మాట వినకపోతే చీకటి గది, తిండి బంద్. 2024 మే నెలలో విశాఖ పోలీసులు ఈ ముఠాను పట్టుకున్నారు. సిహనౌక్‌విల్‌లో సుమారు 300 మంది భారతీయులు తిరగబడ్డాక తొలి విడతగా 60 మందికి విముక్తి దొరికింది.

ఇన్నేళ్లూ ఫ్నోంపెన్‌లోని కంబోడియా ప్రభుత్వానికి ఇది కనపడలేదంటే నమ్మలేం. 2025 అక్టోబరులో అమెరికా న్యాయశాఖ కంబోడియా వ్యాపార సంస్థ ప్రిన్స్ గ్రూప్ అధిపతి చెన్ జీపై, ఇలాంటి మోస కేంద్రాలు నడిపారంటూ అభియోగాలు మోపి, దాదాపు 1,500 కోట్ల డాలర్ల బిట్‌కాయిన్ల జప్తుకు దిగింది. సిహనౌక్‌విల్‌లోని ఒక కాసినో హోటల్‌తో ముడిపడిన ప్రాంగణమూ ఆ అభియోగపత్రంలో ఉంది. ఆరోపణలను సంస్థ ఖండించింది. కంబోడియా ఆయన్ను పట్టి చైనాకు అప్పగించింది 2026 జనవరిలో, అదీ వాషింగ్టన్ కదిలాకే.

పరాయి ప్రభుత్వాన్ని నిలదీసి ఊరుకుంటే సరిపోదు. కుర్రాణ్ని టూరిస్టు వీసా మీద విమానమెక్కించినవాడు మన ఊరివాడే. విదేశీ ఉద్యోగాలిప్పించే ఏజెంటుకు కేంద్రంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ జాబితా ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. బస్టాండు పక్క గోడ మీద 'విదేశాల్లో ఉద్యోగాలు' బోర్డు కనిపిస్తే స్టేషన్ ఎస్సై ఆ జాబితాతో సరిచూడడానికి ఎంతసేపు పడుతుంది? తిరిగొచ్చినవారిని సైబర్ కేసుల్లో నిందితులుగా కాక ముందుగా బాధితులుగా, సాక్షులుగా నమోదు చేయాలి. ఏజెంట్ల ఆస్తులు జప్తు చేసి, ఆ లక్షన్నర కోసం వడ్డీకి తెచ్చిన అప్పులు తీర్చే బాధ్యత రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు తీసుకోవాలి.