వెయ్యిన్నొకటో చంద్రుడు

మా విజయనగరంలో ఫ్లెక్సీ ఎక్కడానికి పెద్ద అర్హతలేం అక్కర్లేదు. పుట్టినరోజు వస్తే చాలు, లేదా పోతే చాలు. సిరిమానోత్సవం రోజుల్లో అయితే పైడితల్లి అమ్మవారికి స్వాగతం పలికే వంకతో కోట చుట్టూ ఎవరెవరి ముఖాలో వేలాడతాయి. మా పెద్దబావ మాత్రం ఈ మూడింటిలో ఏదీ లేకుండా, కనీసం తనకి తెలియకుండా, మూడు లాంతర్ల దగ్గర ఫ్లెక్సీ ఎక్కేశాడు.

అది జుట్టు మొలిపించే నూనె ప్రకటన. ఎడమ పక్క మా పెద్దబావ, కింద 'వాడక ముందు'. కుడి పక్క పాతికేళ్ల కుర్రాడు, నుదుటి మీద పడుతున్న జుట్టు, కింద 'వాడిన తర్వాత'. మధ్యలో ఎర్ర బాణం. ఆ నూనె జుట్టు మొలిపించడంతో ఆగలేదు. ముక్కు సరిచేసింది, రంగు తేల్చింది, మీసం తీసేసింది, ముప్పై ఏడేళ్ల వయసు తగ్గించింది. అంతా తొంభై రోజుల్లో.

పెద్దబావ రిటైరైన లెక్కల మేస్టారు. ఆయన దగ్గర దెబ్బలు తిన్నవాళ్లు ఊళ్లో ప్రతి సందులోనూ ఒకడుంటాడు. వార్త మోసుకొచ్చింది కూడా అలాంటివాడే. ఫోన్ చేసి, "మేస్టారూ, ఆ నూనె నిజంగా పనిచేస్తాదా?" అని అడిగాడు.

"ఏ నూనిరా?"

"అదే, మీరు వాడిందండి."

"నన్ను చూస్తే వాడినట్టుందేట్రా?"

"లేదండి, మీది 'ముందు' కదండీ" అన్నాడు వాడు, ఏమాత్రం తడుముకోకుండా.

బావ నన్ను వెంటేసుకుని వెళ్లి ఫ్లెక్సీ కింద నిలబడ్డాడు. చాలాసేపు పైకి చూశాడు. నేను కోపం వస్తుందనుకున్నాను. ఆయనకి వచ్చింది అవమానం. "ఫొటో వేస్తే వేసేడు. 'ముందు' అని వేయడమేటి?" అన్నాడు. అప్పుడే నాకు ఫొటో అంచున ఒక చెయ్యి కనిపించింది. సగం తిన్న బొబ్బట్టు పట్టుకుని ఉంది. దానికున్న గడియారం నాది. అంటే ఫ్లెక్సీలో నేను కూడా ఉన్నాను, మణికట్టు దాకా.

ఆ బొబ్బట్టుతో ఫొటో ఎక్కడిదో తేలిపోయింది. నాన్న సహస్రచంద్రదర్శనం నాటిది. వెయ్యి పున్నములు చూసినవాళ్లకి, అంటే ఎనభై దాటినవాళ్లకి చేసే వేడుక అది. పెద్దబావ వంగి నాన్న కాళ్లకి దండం పెడుతున్నాడు. షామియానా కుర్రాడు కట్టిన ఫోకస్ లైటు సరిగ్గా ఆ తల మీద పడింది. వెనక అరటి బోదెలు, మామిడాకుల తోరణం మసగ్గా ఉన్నాయి. నిజం చెప్పాలంటే చాలా మంచి ఫొటో. తీసింది చిన్నబావ.

ఇక్కడే అసలు చిక్కు. పెద్దబావకీ చిన్నబావకీ మాటల్లేవు.

చిన్నబావ ఉండేది శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్లే దారిలో. బ్యాంకు ఉద్యోగం, మెడలో కెమెరా. సెలవు దొరికితే తేలినీలాపురం వెళ్లి చెట్ల మీద పెలికాన్లని తీస్తాడు. ఆ పక్షుల తలలు, ముక్కులు, ముక్కు కింద సంచులు అన్నీ పూర్తిగా పడతాయి. బంధువుల తలలే పడవు. పెద్దబావ గృహప్రవేశానికి ఈయనే మోజుపడి ఫొటోలు తీశాడు. అన్నిట్లోనూ అందరూ మెడ దాకానే ఉన్నారు. పంక్తి భోజనాల దగ్గర పెద్దబావ నలుగురూ వినేలా, "మా ఇంటికి తలకాయలున్నవాళ్లెవరూ రాలేదనుకుంటారు చూసినోళ్లు" అన్నాడు. చిన్నబావ పెరుగన్నం వదిలేసి లేచిపోయాడు. అప్పట్నుంచీ ఇద్దరూ నా ద్వారానే మాట్లాడుకుంటారు. ఒకే గదిలో ఉన్నా సరే, మధ్యలో నేను ఉండాలి.

చిన్నబావ ఇన్నేళ్లకి ఒక తలకాయని పూర్తిగా తీశాడు. దాన్నే ఎవడో ఎత్తుకుపోయాడు.

ఫ్లెక్సీని ఫోన్‌తో తీసి గూగుల్ లెన్స్‌లో పెడితే దొంగ దారి దొరికింది. అదే ప్రకటన ఫేస్‌బుక్‌లోనూ ఉంది. చిన్నబావ ఆ ఫొటోని ఫేస్‌బుక్‌లో ఫొటోగ్రఫీ సరదా ఉన్నవాళ్ల గ్రూపులో పెట్టాడు. దానికి పేరు కూడా పెట్టాడు: 'వెయ్యిన్నొకటో చంద్రుడు'. కింద లైకులే లైకులు. ఎవరో 'కాంతిని అద్భుతంగా పట్టుకున్నారు సార్' అని కూడా రాశారు. ఈ పేరు సంగతి పెద్దబావకి చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను. ఆయన నా భుజం మీదుగా అప్పటికే చదివేశాడు.

ఆ సాయంత్రం అయ్యకోనేరు గట్టు మీద వాకింగ్‌కొచ్చే వకీలు గారిని పట్టుకున్నాం. నూనెవాడి మీద కేసు వేయాలి, దాంతోపాటు తోడల్లుడి మీదా వేయాలి, రెండూ కలిపి వేస్తే ఫీజు తగ్గుతుందా అని పెద్దబావ అడిగాడు.

వకీలు గారు నడక ఆపకుండానే చెప్పారు. "మేస్టారూ, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకి కర్త అంటే దాన్ని తీసినవాడు. హక్కు ఆయనది."

"ముఖం నాది కదేటి?"

"ముఖం మీదే. ఫొటో మీది కాదు."

బావ ఆగిపోయాడు. పిల్లలు తప్పు లెక్క చేసినప్పుడు చూసే చూపు ఒకటుంది ఆయనకి. అదే చూపు వకీలు గారి మీద వేశాడు. "ఎన్నాళ్లు?" అన్నాడు చివరికి.

"తీసినాయన బతికున్నన్నాళ్లూ. పోయాక ఇంకో అరవై ఏళ్లు వారసులది. 2012లో సవరించారు లెండి, అంతకుముందు ఫొటోలకి ఇంత ఉండేది కాదు."

అంటే చిన్నబావ మనవల కాలం దాకా తన బట్టతల వాళ్ల ఆస్తి. ఈ లెక్క బావ మనసులో కట్టడం నాకు స్పష్టంగా కనిపించింది.

"మరి నాకేటీ లేదా?" అన్నాడు దీనంగా.

లేకపోలేదు. అనుమతి లేకుండా మనిషి పేరు గానీ రూపం గానీ ప్రకటనకి వాడుకుంటే అది ఆ మనిషి గోప్యతకి భంగమేనని సుప్రీంకోర్టు 1994లోనే అంది. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తులు కూర్చుని గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. కాబట్టి దావా వేయొచ్చు. "కానీ మేస్టారూ, అది తేలేసరికి నూనె లేకుండానే మీకు జుట్టు మొలిచినా మొలుస్తుంది. ఫేస్‌బుక్‌లో ఉన్న ప్రకటన పోవాలంటే దగ్గరి దారి కాపీరైట్ ఫిర్యాదు. ఫారం నింపితే చాలు. అయితే దాన్ని హక్కుదారే పెట్టాలి, లేదా ఆయన అధికారం ఇచ్చినవాళ్లు పెట్టాలి" అని వకీలు గారు వేగం పెంచి వెళ్లిపోయారు. రిజిస్ట్రేషన్ లాంటిది అక్కర్లేదని, తీసిన క్షణం నుంచే హక్కు ఉంటుందని మలుపు దగ్గర్నుంచి అరిచి చెప్పారు.

ఇక రాయబారం మొదలైంది. నా ఫోన్‌లో రెండు చెవులకీ ఇద్దరు బావలు.

హక్కుదారు అన్న మాట చిన్నబావకి తెగ నచ్చేసింది. బ్యాంకువాడు కదా, వెంటనే కాగితం అడిగాడు. "నా ఫొటో మీద చర్య తీసుకోమని ఆయన్ని రాతపూర్వకంగా అడగమను." నేను తీసుకెళ్లి చెప్పాను. "నా తల మీద హక్కు ఆడికెవుడిచ్చేడో అడుగు" అని పెద్దబావ. ఇది కూడా తీసుకెళ్లి చెప్పాను. చిన్నబావ అప్పటికే చదివి సిద్ధంగా ఉన్నాడు. "2011లో ఇండోనేషియా అడవిలో ఒక కోతి ఒకాయన కెమెరా బటన్ నొక్కి తన ఫొటో తనే తీసుకుంది. దాని తరఫున అమెరికాలో కేసు కూడా వేశారు. కాపీరైట్ చట్టం కింద కోతి దావా వేయలేదని 2018లో అప్పీలు కోర్టు చెప్పింది. బటన్ నొక్కిన కోతి గతే అలా ఉంటే, ఏమీ నొక్కకుండా వంగి నిలబడ్డవాళ్లకి హక్కెలా వస్తుందో ఆయన్నే చెప్పమను."

రాయబారిగా ఇందులో ఏది చెప్పాలో ఏది మింగాలో నాకు తెలుసు. కానీ స్పీకర్ ఆన్‌లో ఉంది. పెద్దబావకి ఆ కథంతటిలో ఒక్క మాటే వినిపించింది. "నన్ను కోతంటాడా?"

ఈలోగా నాన్న పడక్కుర్చీలోంచి తన వాటా అడిగారు. వేడుక తనది, ఫొటోగ్రాఫర్‌కి డబ్బిచ్చింది తను, ఫోకస్ లైటు కరెంటు బిల్లు కూడా తనదే. ఆశ్చర్యమేమిటంటే ఇందులో సగం చట్టం ఒప్పుకుంటుంది. డబ్బిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకూ, మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదే. పెళ్లి ఫొటోలు స్టూడియో వాళ్లు అడక్కుండా తమ ప్రచారానికి వాడేసుకుంటున్నారని గొడవపడే ప్రతి ఇంటికీ ఇది పనికొచ్చే ముక్క. మరి ఈ ఫొటో కూలికొచ్చిన ఫొటోగ్రాఫర్ తీసిందా, సరదాకొచ్చిన అల్లుడు తీసిందా? ఆల్బమ్ తెప్పించాం. ఫొటోగ్రాఫర్ అదే క్షణాన్ని అటు పక్కనుంచి తీశాడు. అందులో పెద్దబావ వీపు, ఎదురుగా ఒంటి కాలి మీద వంగి గురి పెట్టిన చిన్నబావ, మధ్యలో బొబ్బట్టుతో నేను. దీనికంటే సాక్ష్యం ఏం కావాలి! నాన్న కేసు కొట్టేశాం.

చిన్నబావ అప్పుడు కొత్త మెలిక పెట్టాడు. "ముందు ఆ అరసవల్లి ఫొటో సంగతి తేల్చమను." పెద్దబావ వాట్సాప్ బొమ్మ, ఆదివారం ఆదివారం తెల్లారగట్ల బంధువులందరికీ 'శుభోదయం' అని పంపే బొమ్మ ఒకటే. అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడి, వెనక ఉదయపు ఎరుపు. కింద మూలన ఏవో తెల్లటి అక్షరాల పై సగాలు కనిపిస్తూ ఉంటాయి. ఎవరో కత్తిరించేశారు. ఆ అక్షరాలు చిన్నబావ పేరట. ఒరిజినల్ పంపించాడు, తారీఖు, టైముతో సహా.

పెద్దబావ చాలాసేపు మాట్లాడలేదు. "నాకు ఫార్వర్డ్‌లో వచ్చింది" అన్నాడు తర్వాత. నూనెవాడు కూడా సరిగ్గా ఇదే అంటాడని నేను అనలేదు. అక్క అనేసింది.

చివరికి ఒప్పందం కుదిరింది. చిన్నబావ ఫిర్యాదు పెడతాడు. బదులుగా పెద్దబావ కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన చేయాలి. ఆయన చేశాడు: 'ఈ ఒక్క ఫొటోలో తలకాయ పూర్తిగా పడినదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.' 'ఒక్క' అన్న మాట తీయించడానికి నేను ఎంత బతిమాలినా వినలేదు. లెక్క లెక్కే అన్నాడు.

ఫారం పని తేలిగ్గానే అయిపోయింది. ఒరిజినల్ ఫొటో, మొదట పెట్టిన పోస్టు లింకు ఇచ్చేసరికి ఆన్‌లైన్ ప్రకటన మాయమైంది. కానీ ఫేస్‌బుక్ ఫారం మూడు లాంతర్ల దాకా రాదు. ఫ్లెక్సీ కోసం నూనె కొట్టుకి స్వయంగా వెళ్లాం. యజమాని మర్యాదస్తుడు. కుర్చీలు వేశాడు, టీ చెప్పాడు. "మేమేటి చేసేం బావూ, డిజైన్ కుర్రోడు ఇచ్చేడు" అన్నాడు. కుర్రోడిని పిలిపించాడు. "నెట్‌లో ఉంది కదా సార్, అందరిదీని" అన్నాడు కుర్రోడు. ఫొటో ఫేస్‌బుక్‌లో పెడితే ఆ కంపెనీకి వాడుకునే అనుమతి ఇచ్చినట్టే గానీ, ఊళ్లో నూనె కొట్టుకి ఇచ్చినట్టు కాదని నేను చెప్పాను. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయని కూడా చెప్పాను. కుర్రోడు ఫోన్ చూసుకుంటున్నాడు. అప్పుడు బావ, వకీలు గారు ఫోన్‌లో అందించిన ఇంకో మాట వదిలాడు: మందు అని అమ్ముతూ బట్టతల నయం చేస్తామని చెప్పకూడదని ఔషధ నిబంధనల షెడ్యూల్ జె లో ఉంది. యజమాని టీ గ్లాసు కింద పెట్టేశాడు. నిచ్చెన తెమ్మన్నాడు.

కొత్త ఫ్లెక్సీ వచ్చేదాకా, పాతది దించడానికి మనసొప్పక, ఆయన బావ కళ్ల మీద నల్ల పట్టీ అతికించాడు. ఇప్పుడు బావ ఏదో దొంగతనం కేసులో దొరికినట్టున్నాడు. పాత విద్యార్థుల ఫోన్లు రెట్టింపయ్యాయి. మళ్లీ వెళ్లి మొత్తం దింపించాం. వచ్చేటప్పుడు యజమాని బలవంతంగా రెండు సీసాలు చేతిలో పెట్టాడు. బావ వద్దనలేదు. అవి ఎక్కడ పెట్టాడో అక్కకి కూడా చెప్పలేదు.

చిన్నబావ మాత్రం హక్కుల విషయంలో ఇంకెవరినీ నమ్మదలచుకోలేదు. మొన్న శ్రీకాకుళంలో వాళ్లమ్మాయి నిశ్చితార్థానికి గ్రూపు ఫొటో తీశాడు. అందరి తలలూ పడ్డాయి. కింద మూలన పేరు వేస్తే కత్తిరించేస్తున్నారని, ఈసారి తన పేరు పెద్ద అక్షరాలతో, గుండ్రంలో సీ గుర్తుతో సహా, ఫొటో మధ్యలో వేశాడు. అది సరిగ్గా పెద్దబావ తల మీద పడింది, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా.

ఇదేటని కనుక్కోమని పెద్దబావ నన్ను పంపించాడు. అక్షరాలు నీటుగా కనిపించాలంటే నునుపైన ఖాళీ చోటు కావాలని, ముప్పై మంది ఉన్న ఫొటోలో అలాంటిది అదొక్కటే దొరికిందని చిన్నబావ చెప్పమన్నాడు.