యాసిడ్ సీసా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బాత్రూమ్ యాసిడ్ సీసా గారికి,

ఒంగోలు నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. కుశలంగా లేనిది మా ముత్తాత సమాధి మీద పాలరాతి పలక ఒక్కటే.

ఎండా వానా ఏళ్ల తరబడి నాకినా దాని మీద పేరు చదవగలిగేవాళ్లం. తమరు పది నిమిషాల్లో పని తేల్చేశారు. సమాధుల పండక్కి ముందురోజు మా చిన్నాన్న తమరిని వెంటబెట్టుకొచ్చాడు. నల్లటి నాచు చూసి ఆయన మనసొప్పలేదు పాపం. పోయగానే బుసబుసమని నురగ. "చూశావా, మురికి ఎట్లా పొంగుతుందో!" అని మురిసిపోయాడు. పొంగింది మురికి కాదు, రాయే. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్, తమరేమో హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కొంత బుడగలై గాలిలో కలిసింది, మిగతాది కరిగి కాలవలో పోయింది.

కడిగాక వేలితో తడిమితే చక్కెర పలుకుల్లా పొడి అంటుకుంది. పుట్టిన ఏడాదిలో చివరి అంకె మూడో ఎనిమిదో తెలియడం లేదు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొర ఉన్న రోజుల్లో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు కదా. ఆ రోజు ముత్తాత అక్కడికి నడిచి వెళ్లాడా, అమ్మ చంకలో వెళ్లాడా అని మా ఇంట్లో ఎప్పటి నుంచో తగువు. సాక్షి ఆ అంకె ఒక్కటే. దాన్ని తమరు మింగారు.

తమరి తమ్ముడు సిమెంటు కూడా తక్కువవాడు కాదు. అంతకుముందు పలక పగిలితే ఇనప చువ్వ గుచ్చి వాణ్ణి పూశారు. చువ్వ తుప్పుపట్టి ఉబ్బింది, ఒక పగులు మూడైంది. సిమెంటు మాత్రం చెక్కుచెదరలేదు. సున్నంతో అతకమంటే మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు. ఇక శుభ్రం చేయడానికా, మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు, కాస్త ఓపిక చాలు. రోజూ కుళాయి రాని ఊళ్లో మంచినీళ్లు అన్నందుకు క్షమించాలి.

ఇప్పుడు చిన్నాన్న ఆ పలక పీకేసి చీమకుర్తి నల్ల గెలాక్సీ రాయి వేయిద్దామంటున్నాడు. దాని మీద పోస్తే తమరికి నురగ కూడా రాదు. నేను వద్దంటున్నా వినకుండా అడ్వాన్సు ఇచ్చేశాడు. అక్షరాలు చెక్కేవాడు ఏడాది ఎంత వేయమంటారని రోజూ ఫోన్ చేస్తున్నాడు. మూడా, ఎనిమిదా? మింగింది తమరే కాబట్టి తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
చేతికి రాతిపొడి అంటిన మునిమనవడు