కార్తీకపు పొయ్యి వేరు, శివరాత్రి నిప్పు వేరు

టెంటు, క్యాంప్‌ఫైర్, బార్బెక్యూ, తెల్లవారుజామున మేఘాల వ్యూ పాయింట్. వారాంతపు టూర్ల ప్రకటనల్లో ఇప్పుడు వినిపించే మాటలివే. లంబసింగి, వనజంగి, మారేడుమిల్లి, వికారాబాద్ దగ్గరి అనంతగిరి... ఊరి పేరు మారుతుంది తప్ప ప్యాకేజీ మారదు. చలికాలంలో మొదలైన ఈ సరదా ఎండలు ముదిరినా ఆగడం లేదు. అడవిలో నిప్పు పెట్టడం నేరమని అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు, ఆపాల్సినవాడు చూసీ చూడనట్టు పోతాడు.

చట్టాలకు కొదవ లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) 30వ సెక్షన్ అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్నీ, రాజేయడాన్నీ, రాజేసిన నిప్పును అలాగే వదిలేసి పోవడాన్నీ నిషేధించింది. 2022 సవరణతో ఈ చట్టం కింద మామూలు ఉల్లంఘనలకు జరిమానా లక్ష రూపాయల దాకా పెరిగింది. మూడేళ్ల దాకా జైలు కూడా పడొచ్చు. రిజర్వు అడవులకు 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ఉండనే ఉంది. కానీ 30వ సెక్షన్లో ఒక మెలిక ఉంది. ఆ నిప్పు అభయారణ్యానికి ప్రమాదం తెచ్చే రీతిలో ఉంటేనే అది నేరం. ప్రమాదం ఉందో లేదో ఎవరు తేల్చాలి? రాత్రి పది గంటలకు బైకు మీద ఒంటరిగా వచ్చిన అటవీశాఖ బీట్ ఆఫీసరు తేల్చాలి. ఆయన ముందు సౌండు బాక్సులు పెట్టుకున్న పాతికమంది ఉంటారు. నాలుగు మాటలు హెచ్చరించి ఆయన వెనక్కి తిరిగితే తప్పు పట్టలేం.

ఏ నెలలో రాజేశారన్నదాన్ని బట్టే నిప్పుతో వచ్చే ముప్పు ఉంటుంది. ఈ సంగతి మనవాళ్లకు కొత్తేమీ కాదు. వనభోజనాలు కార్తీకంలో పెట్టుకున్నాం. అప్పటికి వానలు వెనకబడి ఎన్నాళ్లో కాదు. నేలలో తేమ ఉంటుంది, గడ్డి ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఉసిరి చెట్టు కింద పొయ్యి పెట్టి పులిహోర కలిపినా అడవికి వచ్చే నష్టం తక్కువ. మాఘం వచ్చేసరికి పరిస్థితి తిరగబడుతుంది. నల్లమల వంటి ఆకురాల్చే అడవుల్లో కాలు వేస్తే మడమ దాకా ఎండుటాకులే. బోద గడ్డి నిలువునా ఎండిపోయి ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే శివరాత్రి వస్తుంది. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా వేల మంది శ్రీశైలానికి నడుస్తారు. మూడు రాళ్లు పేర్చి అన్నం వండుకునేవారూ, రాత్రి చలికి మంట వేసుకునేవారూ వాళ్లలో ఉంటారు. వారి భక్తిని శంకించాల్సిన పనిలేదు. కానీ ఎండుటాకుకు భక్తుడి నిప్పూ, పర్యాటకుడి నిప్పూ ఒకటే. దారిలో అన్నదానం చేసే చోట్ల వంటను ఒక పద్ధతిలో పెట్టి, మిగతా దారంతా పొయ్యి లేకుండా చూడటం అసాధ్యమేమీ కాదు. నల్లమలలోనే చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతర రోజులనూ, వేళలనూ అటవీశాఖ ఇప్పటికే కట్టడి చేస్తోంది కదా!

మంట ఎగసిపడుతున్నప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. అసలు టెన్షన్ అందరూ పడుకున్నాక మొదలవ్వాలి. నిప్పుల మీద మట్టి కప్పి ఆరిపోయిందనుకుని వెళ్లిపోతుంటారు చాలామంది. మట్టి వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. నివురుగప్పిన నిప్పు మర్నాడు మధ్యాహ్నం గాలికి లేచి పక్కనున్న ఆకును అంటుకుంటుంది. బార్బెక్యూ ట్రే నేలకు ఎత్తులో ఉంటుంది కాబట్టి మేలే అనుకుంటాం. చివర్లో ఆ బొగ్గుల్ని పొదల్లోకి దులిపేస్తే ఆ మేలు కాస్తా పోయినట్టే. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో క్యాంప్‌ఫైర్ నిబంధన ఎంత విడమరిచి ఉంటుందో చూడండి. కట్టిన పొయ్యి లేకపోతే కనీసం 30 సెంటీమీటర్ల లోతు గుంట తీయాలి. చుట్టూ 3 మీటర్ల మేర ఎండు చెత్త ఉండకూడదు. మంట దగ్గర మనిషి లేకుండా పోకూడదు. ఆర్పేటప్పుడు మట్టి కాదు, నీళ్లు పోయాలి. చేత్తో తాకితే వేడి తగిలిందంటే ఆరనట్టే లెక్క. ‘టోటల్ ఫైర్ బ్యాన్’ ప్రకటించిన రోజున ఇవేవీ చెల్లవు, కట్టెల మంట పూర్తిగా బంద్. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్లు అక్కడ ఈ నిబంధనల్ని మారుమాట లేకుండా పాటిస్తారు. ఇక్కడికొచ్చి అడవిలో మంట వేస్తే అడిగే దిక్కు ఉండదు.

ఎండు గడ్డి పట్టిన వాలులో మంట ఎంత వేగంగా పైకి పాకుతుందో 2018 మార్చిలో తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో దేశం చూసింది. ట్రెక్కింగ్‌కు వెళ్లినవారిలో 20 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ ట్రెక్కింగ్‌కు నిబంధనలు వచ్చాయి. మనమూ అలాంటి రోజు కోసం ఎదురుచూడాలా?

మంట లేచిందని ఉపగ్రహం చెబుతుంది, నిజమే. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పంపే హెచ్చరిక సిబ్బంది ఫోన్లకు చేరుతుంది. కానీ ఆ ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క 375 మీటర్ల మేర నేలకు గుర్తు. అక్కడికి బైకు వెళ్లినంత దూరం వెళ్లి, ఆపైన నడిచి, పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పాల్సింది ఫైర్ వాచర్లే. నల్లమలలో ఈ పని చేసేవారిలో చెంచులు ఉన్నారు. వేసవి నాలుగు నెలల కూలి తప్ప వాళ్లకు దక్కేదేమీ లేదు. తీరా అడవి తగలబడితే మాత్రం మొదటి అనుమానం గూడేల మీదికే పోతుంది. ఇప్ప పువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాల్చే అలవాటు ఉన్నమాట వాస్తవమే. దాన్ని మాన్పించే ప్రయత్నం జరగాల్సిందే. అయితే గిరిజనుడికి కేసు, కారులో వచ్చినవాడికి హెచ్చరిక అనే తీరును ఈ పత్రిక ఒప్పుకోదు.

నిషేధం పేరుతో బొంగు చికెన్ అమ్మేవారి పొట్ట కొట్టకూడదని కూడా చెప్పాలి. మారేడుమిల్లి, అరకు దారుల్లో వాళ్లు పొయ్యి పెట్టేది రోడ్డు పక్కన చదును చేసిన జాగాలో. పచ్చి వెదురు గొట్టంలో మసాలా పట్టించిన మాంసం కూరి, మూతికి ఆకు బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. ఉడికిందాకా పక్కనుంచి కదలరు. పొద్దస్తమానం నిప్పుతో పని చేసేవాళ్లకు దాని సంగతి తెలుసు. వాళ్లకు స్థలం చూపించి, నీళ్ల డ్రమ్ము పక్కనే ఉండాలని షరతు పెడితే చాలు.

1927 నాటి భారత అటవీ చట్టం కూడా ఏ కాలంలో నిప్పుకు అనుమతి ఉంటుందో అధికారి ప్రకటించాలనే అంటుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ ఆలోచననే పట్టుకుని స్పష్టమైన ఉత్తర్వు తేవాలి. ఫిబ్రవరి నుంచి జూన్‌లో వానలు పడేదాకా అడవిలోనూ, అడవి అంచు క్యాంపుల్లోనూ కట్టెల మంట, బొగ్గుల బార్బెక్యూ ఏదీ ఉండకూడదు. మిగతా నెలల్లో రిజర్వు అడవి బయట, గుర్తించిన చోట్ల, కట్టిన పొయ్యిల్లో మాత్రమే అనుమతించాలి. కట్టెలు అడవిలోంచి ఏరుకొచ్చినవి కాకూడదు. పొయ్యికి కావలసిన కట్టెల్ని ఊరివాళ్లతో ఏర్పడిన వన సంరక్షణ సమితులే అమ్మితే ఆ డబ్బు ఊరికి మిగులుతుంది. ఇక జరిమానా ఎవరికన్నది ముఖ్యం. ఇరవై ఏళ్ల కుర్రాడి దగ్గర వెయ్యి రూపాయలు వసూలు చేసి పంపేస్తే ఒరిగేదేమీ లేదు. క్యాంప్‌ఫైర్‌ను ప్యాకేజీలో పెట్టి అమ్మిన నిర్వాహకుడి మీద మొదట కేసు పెట్టాలి, రెండోసారి దొరికితే లైసెన్సు రద్దు చేయాలి. ఈ ఉత్తర్వు డిసెంబరు బుకింగులు మొదలయ్యేలోపే రావాలి.