ఏడో పేజీలో చేపల మేత

మా పిన్ని పెట్టాలనుకున్నది కారం, పసుపు పట్టే మిల్లు. ఆమె పేరున బ్యాంకుకు వెళ్లిన ప్రాజెక్టు రిపోర్టు ఏడో పేజీలో మాత్రం, తయారయ్యే చేపల మేతకు జిల్లాలోని ఆక్వా రైతుల నుంచి మంచి గిరాకీ ఉంటుందని రాసి ఉంది. మా మండలంలో చెరువు ఒక్కటే. అందులో ఉండేవి గేదెలు.

ఆ రిపోర్టుకు పిన్ని ఆరు వేలు కట్టింది. మూడు నెలలు ఆ ఫైలు బ్యాంకులో ఉంది. ఈలోగా ఆమెను కరెంటు బిల్లు అడిగారు, ఫొటోలు మళ్లీ అడిగారు, ఆధార్ జిరాక్సు మూడుసార్లు అడిగారు. చేపల గురించి ఒక్కరూ అడగలేదు. ఆ పేజీ దాకా ఎవరూ వెళ్లలేదన్నమాట.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, పోయిన వారం ఒక పెళ్లిలో దూరపు బంధువు ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "మీ పిన్నికి సబ్సిడీ లోను వచ్చిందటగా, ఇప్పించిన మనిషి ఎవరమ్మా?" అని అడిగారు. పథకం పేరు అడగలేదు, అర్హత అడగలేదు, మనిషి ఎవరని అడిగారు. ఆయన్ను తప్పుపట్టను. ప్రభుత్వ సాయమంటే మనకు గుర్తొచ్చేది ఎవరో ఒక మనిషే. జిరాక్సు షాపు దగ్గర చంకలో సంచితో నిలబడి ఉంటాడు, అందరినీ "అన్నా" అని పలకరిస్తాడు, బ్యాంకు గుమస్తాతో కలిసి టీ తాగుతాడు.

పిన్నికి కూడా అలాంటి మనిషే దొరికాడు. ఇంటి వరండాలో చిన్న పిండిమర పెట్టుకుని పదేళ్లుగా చుట్టుపక్కల వాళ్లకు కిలోల లెక్కన పట్టి ఇస్తోంది. కొంచెం పెద్ద పల్వరైజర్ (పొడి పట్టే మిషన్), ఒక ప్యాకింగ్ మిషన్ కొని, వెనక రేకుల షెడ్డు వేసుకుంటే సొంతంగా ప్యాకెట్లు అమ్ముకోవచ్చని ఆశ. ఆ మనిషి చేత్తో లెక్క వేసి చూపించాడు. పీఎంఈజీపీ అనే కేంద్ర స్వయం ఉపాధి పథకంలో పెట్టిద్దాం, పల్లెటూరు, అందులోనూ ఆడవాళ్లు కాబట్టి 35 శాతం సబ్సిడీ, తనకు అందులో పదోవంతు చాలు. శాతం వరకు అతను చెప్పింది నిజమే. ఆ పథకంలో పల్లెల్లోని మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 35, జనరల్ కేటగిరీకి 25. పట్టణమైతే పది శాతం తగ్గుతుంది. అయితే 2008లో మొదలైన ఆ పథకం కొత్తగా పెట్టే యూనిట్ల కోసం. ఉన్న యూనిట్‌ను పెంచుకోవడానికి అందులో వేరే ఏర్పాటు ఉంది, అది కూడా ఇదే పథకంలోనో ముద్ర రుణ పథకంలోనో ముందే రుణం తీసుకున్నవాళ్లకు. పదేళ్లుగా తిరుగుతున్న మరను కొత్త యూనిట్ అని రాసి పంపాడు ఈ పెద్దమనిషి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవడానికి ఆ పథకంలో పైసా కట్టక్కర్లేదు. పిన్ని దానికి కూడా కట్టింది. చిన్న పరిశ్రమగా పేరు నమోదు చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే. దానికి ఎనిమిది వందలు తీసుకున్నాడు.

బ్యాంకు నుంచి ఫీల్డ్ ఆఫీసర్ వచ్చి వరండాలో తిరుగుతున్న మరను చూసి, "ఇది ఎప్పటి నుంచి ఉందమ్మా?" అని అడిగితే పిన్ని గర్వంగా పదేళ్లని చెప్పింది. అక్కడితో ఆ ఫైలు కథ ముగిసింది.

అప్పుడు నాకు ఫోన్ చేసింది. "అమ్మాయ్, నువ్వు కంప్యూటర్ల దగ్గరే ఉంటావుగా, ఒకసారి చూడు" అంది. చూశాను. రెండు రాత్రులు కూర్చుని మార్గదర్శకాలు చదివితే తెలిసింది, ఆమె వెళ్లాల్సిన గుమ్మం వేరే ఉందని. పీఎంఎఫ్‌ఎంఈ అని ఒకటుంది. ఊరగాయలు, అప్పడాలు, కారాలు, గానుగ నూనెలు చేసుకునే చిన్నవాళ్ల కోసం 2020 జూన్‌లో కేంద్రం మొదలుపెట్టింది. అయిదేళ్లకు రూ.10,000 కోట్లు అన్నారు. కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరిస్తాయి. నడుస్తున్న యూనిట్‌కు కూడా ఇస్తారు. అర్హమైన ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షలు. మన వాటా కనీసం 10 శాతం. సంఘాల్లో ఉన్న మహిళలకైతే పనిముట్లకు, చిన్నపాటి పెట్టుబడికి మనిషికి రూ.40,000 వంతున ప్రారంభ నిధి విడిగా ఉంది.

అసలు నాకు మతిపోయింది మరో పేరా దగ్గర. ప్రతి జిల్లాకు రిసోర్స్ పర్సన్లు ఉంటారట. ప్రాజెక్టు రిపోర్టు రాసిపెట్టడం, బ్యాంకు చుట్టూ తిరగడం, ఉద్యం, జీఎస్టీ, ఆహార భద్రత లైసెన్సుల్లాంటివి ఇప్పించడం వాళ్ల పని. దరఖాస్తుదారు వాళ్లకు రూపాయి ఇవ్వక్కర్లేదు. మంజూరైన ఒక్కో రుణానికి రూ.20,000 ప్రభుత్వమే ఇస్తుంది. సగం రుణం మంజూరయ్యాక, మిగతా సగం రిజిస్ట్రేషన్లు, శిక్షణ అన్నీ పూర్తయ్యాక.

మళ్లీ చదువుకున్నాను. జిరాక్సు షాపు మనిషి పిన్ని దగ్గర వసూలు చేస్తున్న పనికి ప్రభుత్వం ముందే ఒక మనిషిని పెట్టి, కూలి కూడా కట్టి ఉంచింది. మా ఊళ్లో ఒక్కరికీ తెలియదు. పథకం ఫ్లెక్సీ నేను మండల కేంద్రంలో చూశాను. నాయకుల ముఖాలు గుమ్మడికాయలంత ఉన్నాయి. ఫోన్ చేయడానికి ఒక నంబరు లేదు. ఆంధ్రాలో 2019 అక్టోబరు నుంచి ఊరూరా సచివాలయం ఉంది, గోడ ఉంది, సున్నం ఉంది. ఆ జిల్లా మనిషి పేరూ నంబరూ గోడ మీద రాయించడానికి ఎంతవుతుంది? దళారులను తిట్టడం మనకు తేలికైన పని. ఖాళీగా ఉన్న కుర్చీలో అతను వచ్చి కూర్చున్నాడు. కుర్చీలో కూర్చోవలసిన మనిషి ఎవరో జనానికి చెప్పకపోవడం నా దృష్టిలో పెద్ద నేరం.

అలాగని రిసోర్స్ పర్సన్లందరూ బంగారమని పూచీ పడను. పథకం వెబ్‌సైట్‌లో జిల్లాలవారీ జాబితా ఉంది. అందులో మొదటి ఆయన నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు. రెండో ఆయన ఎత్తాడు. పైగా ఆ కూలి పద్ధతిలోనే లోపం ఉంది. రుణం మంజూరైతేనే డబ్బు వస్తుందంటే, తేలిగ్గా మంజూరయ్యేవాళ్ల వెంటే ఎవరైనా తిరుగుతారు. సిబిల్ స్కోరు బాగుండి, పేరున ఇల్లు ఉండి, కొడుకు ఉద్యోగంలో ఉన్నవాళ్ల ఫైళ్లు ముందు కదులుతాయి. చదువురాని మనిషి కోసం పదిసార్లు తిరిగినవాడికి చివరికి బ్యాంకు కాదంటే పెట్రోలు ఖర్చు కూడా రాదు.

రెండో ఆయన స్కూటర్ మీద వచ్చాడు. మిర్చి బస్తా మీదే కూర్చుని గంటన్నర పిన్నితో మాట్లాడాడు. రోజుకు ఎన్ని కిలోలు? కిలోకు ఎంత? కరెంటు ఎంత? ఏ నెలల్లో ఎక్కువ? అప్పుడు బయటపడింది అసలు లెక్క. కొత్త మిర్చి దిగాక, ఎండలు ముదిరేలోపు ఇళ్లలో ఏడాదికి సరిపడా కారం పట్టించుకుంటారు. ఆ మూడు నాలుగు నెలలే ఆమెకు పంట. వానలు మొదలయ్యాక మర మూగబోతుంది. నెలనెలా సమానంగా వాయిదా కట్టాలంటే ఆగస్టులో ఎక్కడి నుంచి తెస్తుంది? ఆయన అదంతా రిపోర్టులో రాశాడు. పాత రిపోర్టులో పన్నెండు నెలలూ ఒకే అంకె ఉంది. చేపలు ఏడాది పొడవునా తింటాయి కదా.

ఇక బ్యాంకు. ఇక్కడ నేను రెండు పక్షాల మాటా చెప్పాలి, లేకపోతే మా బాబాయి ఒప్పుకోరు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. సబ్సిడీ రుణమంటే మేనేజర్లకు గుండె దడ ఎందుకో ఆయనే చెప్పారు. బిల్లుల్లో మాత్రమే కొన్న మిషన్లు ఎన్నో చూశారట. తనిఖీ రోజున మిషన్ ఉంటుంది, ఫొటో దిగుతుంది, మర్నాడు లారీ ఎక్కి వచ్చిన చోటికే పోతుంది. ఎన్నికలు వస్తే మాఫీ అవుతుందిలే అని తీసుకున్న రోజే నిర్ణయించుకునేవాళ్లు కొందరు. మొండిబాకీ అయితే సంజాయిషీ ఇచ్చుకోవలసింది సంతకం పెట్టిన మేనేజరే. ఒప్పుకుంటాను. కానీ ఆ దొంగ ఫైళ్లన్నీ చక్కగా కుట్టి, నిండుగా ముద్రలు వేయించుకుని వచ్చినవే. ఎందుకంటే వాటి వెనక మనిషి ఉన్నాడు. తడబడేది, కాగితం తక్కువయ్యేది, అధికారి అడిగితే నిజం చెప్పేసేది పిన్నిలాంటివాళ్లు. అనుమానమంతా వాళ్ల మీద పడుతుంది.

మొదట, బాబాయి పంట రుణం రెన్యువల్ చేయించలేదని బ్యాంకువాళ్లు అన్నారు. చేయించారు. తర్వాత ఫీల్డ్ ఆఫీసర్ బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చిన కుర్రాడికి తెలుగు రాదు. మంచివాడే, పిన్ని పెట్టిన పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నాడు, అయినా 'పట్టుడు కూలి' అంటే ఏమిటో అతనికి అర్థం కావడానికి నేను ఫోన్‌లో హిందీలో విడమరచాల్సి వచ్చింది. ఈలోగా మిషన్ కొటేషన్ గడువు దాటింది. ఆ కాగితం చెల్లేది నెల రోజులు, బ్యాంకు ఆలోచించింది అయిదు నెలలు. మూడు కొటేషన్లు తెచ్చాం, మూడో దానిలో ధర నలభై వేలు పెరిగింది. ఆ పెరిగింది ఎవరు భరించాలో ఏ మార్గదర్శకంలోనూ లేదు.

ఆ తర్వాత ఇంటి కాగితాలు తెమ్మన్నారు. ఇక్కడ మాత్రం నాకు కోపం వచ్చింది. చిన్న పరిశ్రమలకు రూ.10 లక్షల వరకు రుణానికి తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు ఏనాడో చెప్పింది. పిన్ని అడిగింది ఎనిమిది లక్షల పదివేలు. నేను పెద్దగా ఏమీ చేయలేదు. తనఖా కావాలన్న మాట, లేదా రుణం ఇవ్వమన్న మాట కాగితం మీద రాసి ఇమ్మని మర్యాదగా ఒక అర్జీ రాసి, రసీదు అడిగాను. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలన్నది కూడా రిజర్వు బ్యాంకు నిబంధనే. వారం తర్వాత ఇంటి కాగితాల మాట ఎవరూ ఎత్తలేదు. నోటితో చెప్పే కారణాలకు కాగితమంటే భయం. మీరెవరైనా బ్యాంకుకు వెళ్తే దయచేసి రసీదు లేకుండా దరఖాస్తు ఇచ్చి రావద్దు.

మొదటి దరఖాస్తు నుంచి లెక్కేస్తే పద్నాలుగు నెలలకు మంజూరైంది. మొత్తం ఖర్చు తొమ్మిది లక్షలు, పిన్ని వాటా తొంభై వేలు. చీటీ పాడి తెచ్చింది. సబ్సిడీ మూడు లక్షల పదిహేను వేలు. ఆ వార్త తెలిసిన రోజు ఇంటికి ఎవరెవరో వచ్చారు. ఒకావిడ ఏకంగా, "మూడు లక్షలు చేతికి ఎప్పుడిస్తారు?" అని అడిగింది.

ఇదే నేను అందరికీ అరిచి చెప్పాలనుకునే సంగతి. చేతికి ఇవ్వరు. ఆ డబ్బు బ్యాంకులో విడి ఖాతాలో కూర్చుంటుంది. దాని మేరకు అప్పుకు వడ్డీ వేయరు, అంతే. మూడేళ్ల పాటు వాయిదాలు సక్రమంగా కట్టి, మిల్లు తిరుగుతూ ఉంటే అప్పుడు అప్పులో కలుపుకుంటారు. పీఎంఈజీపీలో కూడా మూడేళ్లు డిపాజిట్‌గా ఉంచడమే. సబ్సిడీ డబ్బుతో కూతురి పెళ్లి చేద్దామనుకుని సంతకం పెట్టినవాళ్లు నాకు తెలుసు. వాళ్లకు ఈ ముక్క చెప్పని దళారి, సబ్సిడీ రాకముందే తన పదోవంతు మాత్రం రొక్కంగా తీసుకున్నాడు.

దీనికి తోడు ఫోన్లలో తిరిగే లింకులు. ఆధార్ నంబరు ఇస్తే అరగంటలో ప్రధానమంత్రి పేరుతో రెండు లక్షలు, ముందుగా రెండు వేలు ఫీజు కట్టాలట. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కట్టాడు. అడగాల్సిన మనిషి ఎవరో ఎవరూ చెప్పని చోట జనం ఎవరు కనిపిస్తే వాళ్లనే అడుగుతారు మరి.

పెళ్లిలో అడిగిన ఆ బంధువుకు నేను రెండో ఆయన నంబరు ఇచ్చాను. ఆయన కొంచెం నిరాశపడ్డారు. "ఈయన ఎంత తీసుకుంటాడు?" అన్నారు. ఏమీ తీసుకోడంటే, అయితే పని అవుతుందా అన్నట్టు చూశారు.

పిన్ని మిల్లు ఈ మార్చిలో మొదలైంది. ఆరు వేల రిపోర్టు ఇంకా ఆమె దగ్గరే ఉంది. పొట్లాలు కడదామంటే అచ్చు కాగితంలో తినే సరుకు చుట్టకూడదట, లైసెన్సు ఇచ్చేటప్పుడు చెప్పారు. కొత్త పల్వరైజర్ ఒక కాలు నేలకు ఆనక అదురుతుంటే, ఆ రిపోర్టును నాలుగు మడతలు పెట్టి దాని కింద దూర్చింది.