అప్రదక్షిణం

మా లాబ్రడార్ పేరు కరెంటు. ఇంటికి తెచ్చిన రాత్రి కరెంటు పోయింది, వాడూ ఆ చీకటంత నలుపు. "కరెంటూ, రా!" అని వాకిట్లో పిలిస్తే పక్కింటివాళ్లు ఫ్యాను స్విచ్ వేసి చూసుకుంటారు.

హన్మకొండలో డాగ్ షో అనగానే వాడి పేరు రాయించాను. రెండు షోలు తిరిగొచ్చిన మా గల్లీ అన్న కోచింగ్ ఇచ్చాడు. "కుక్కను ఎడమ పక్కకు పట్టుకో తమ్మీ. జడ్జికి, కుక్కకు నడుమ నువ్వు అడ్డం రావద్దు. గంతే."

ఆ 'గంతే' ఎంతో అప్పుడు తెలియలేదు.

పది రోజులు వడ్డేపల్లి చెరువు కట్ట మీద ప్రాక్టీసు. నాలుగు కాళ్లూ కుదురుగా పెట్టించి, తలెత్తి నిలబెట్టడాన్ని స్టాకింగ్ అంటారు. నేను వెనక కాలు సర్దితే వాడు ముందు కాలు జరిపేవాడు. ముందుది సర్దితే మొత్తానికే కూర్చునేవాడు. ఉడకబెట్టిన కార్జం ముక్క చూపిస్తే మాత్రం విగ్రహమే.

షో రోజు మా ఆవిడ నల్ల ప్యాంటు ఇస్త్రీ చేసిచ్చింది, "సన్నగ కనిపిస్తరు" అని. నల్ల కుక్క పక్కన నల్ల ప్యాంటు వేసుకుంటే కుక్క ఆకారం కనబడదని ఎవరూ చెప్పలేదు. ఫొటోలో నాకే ఆరు కాళ్లున్నట్టు పడింది.

జడ్జిగారు రింగు నడుమ నిలబడి, ఒక రౌండు కొట్టమన్నారు. వరసలో మొదటివాణ్ని నేనే. చిన్నప్పటి నుంచి వేయిస్తంభాల గుడిలో తిరిగిన కాళ్లు, వాటంతట అవే ప్రదక్షిణానికి తిరిగాయి. రింగులో తిరగాల్సింది గడియారం ముల్లుకు ఎదురు. అప్పుడే ఎడమ పక్కనున్న కుక్క లోపలివైపుకొచ్చి జడ్జికి కనిపిస్తుంది. నా తీరుకు ఆయనకు నేను కనిపించాను, నిండుగా. వెనకున్న ఐదు లాబ్రడార్లు అటు నుంచి తిరిగి నాకు ఎదురొచ్చాయి. కరెంటు ఒక్కొక్కరి దగ్గరా ఆగి పరామర్శించాడు.

టెన్షన్‌లో లీషు పైకి గుంజిపట్టాను. దాంతో వాడి ముందు కాళ్లు నేలకు సరిగా ఆనక, నడక కాస్తా గెంతులైంది.

జడ్జిగారు దగ్గరికొచ్చి పళ్లు చూశారు, వెన్ను తడిమారు. మగ కుక్క కాబట్టి ఇంకో రెండు కూడా లెక్క చూసుకున్నారు. కరెంటు కిమ్మనలేదు, నేనే సిగ్గుపడ్డాను.

"వయసెంత?"

"నలభై రెండు సార్."

ఆయన నవ్వలేదు. నేను తప్పు దిద్దుకునే తొందరలో వాడి వెనక కాలు సర్దబోయి వంగాను. చొక్కా జేబులోని కార్జం ముక్కలన్నీ జలజలా రాలాయి. లాబ్రడార్ల ముందు కార్జం! ఐదుగురు హ్యాండ్లర్లు, ఐదు లీషులు, నా మీద ఆరు మూతులు.

అందరిలో శ్రద్ధగా శుభ్రం చేసింది కరెంటే.

ఇంటికి రాగానే మా ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ప్యాంటు ఎట్లుందన్నరు?"