ఫార్టీఫోర్ మాగ్నం గారికి గోంగూర రైతు రాయునది

మహారాజరాజశ్రీ పాయింట్ ఫార్టీఫోర్ మాగ్నం రివాల్వర్ గారి దివ్యసముఖమునకు, అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో ఉండే మీ యజమాని అనబడే నేను నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మీరు ఇనప బీరువాలో కుశలం. నేనూ కుశలమే, కుడిచేతి బొటనవేలు మొదట్లో చర్మం లేచిపోయి రసం అన్నం కలుపుకుంటుంటే చుర్రుమంటోంది, అదొక్కటీ తప్ప.

ఈ లెటర్ ఎందుకో చెప్పాలంటే గోంగూర దగ్గర్నుంచి మొదలెట్టాలి. ఇక్కడ మనకి దొరికే ఎండాకాలం నాలుగు నెలలు, అందులోనే గోంగూర, బచ్చలి, సొరపాదు అన్నీ అయిపోవాలి. ఊర్నుంచి తెచ్చిన విత్తనాలు ఏప్రిల్లో కిటికీ దగ్గర డిస్పోజబుల్ గ్లాసుల్లో మొలకెత్తించి, పిల్లల్ని పెంచినట్టు పెంచి మే చివర్లో నేలలో పెడితే, జులైలో ఒకరోజు పొద్దున్నే కాఫీ కప్పుతో బయటికొచ్చి చూశా కదా, కాడలు. ఒట్టి కాడలు. ఆకు ఒక్కటి లేదు. కంచె లేని పెరట్లో తోక ఎత్తి, కింద తెలుపు చూపించి, నిదానంగా నడుచుకుంటూ పోయింది వైట్‌టెయిల్ జింక, పెళ్లిభోజనం చేసి తాంబూలం పుచ్చుకుని పోతున్న పెదనాన్నలాగా.

మా ఆవిడ అప్పుడే చెప్పింది, ఎనిమిదడుగుల కంచె కట్టించు, గొడవ ఒదిలిపోద్ది అని. రేటు కూడా కనుక్కుంది. మీ రేటులో సగం. మగాడినన్నాక అంత సులువైన దారి ఎలా పడతామండీ, నేను వేటకెళ్తా అన్నా. ఇళ్ల మధ్య కాల్చకూడదు కాబట్టి గోంగూర తిన్న జింక ఒకటి, నేను అడవిలో వెతికే జింక ఇంకోటి అనే చిన్న లాజిక్కు తనే ఎత్తి చూపింది. నేను వినలేదు. జాతి మొత్తానికి ఒక మెసేజ్ వెళ్లాలి కదా.

తుపాకీ అయితే చట్టం ఏం చెప్తుందో పదేళ్ల కిందే ఒకసారి చదివా. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాడు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ ముట్టుకోకూడదు, కానీ చేతిలో వేట లైసెన్స్ ఉంటే పర్లేదంట! గ్రీన్ కార్డు క్యూలో ప్రయారిటీ డేట్ కదలదు, వీసా స్టాంపింగ్‌కి స్లాట్ దొరకదు, కానీ జింకల లైసెన్స్ ఒకటి తీసుకుంటే మీరు మాత్రం ఇంటికి వస్తారు. మనం భయస్తులం, కార్డు వచ్చేదాకా ఆగాం. కార్డు వచ్చిన ఏడాదే గోంగూర పోయింది. విధి.

ఇహ క్యాలిబర్, అంటే అంగుళాల్లో గుండు లావు, ఎంచుకోవడం. సంబంధాలు చూట్టంలో కూడా మా ఇంట్లో అంత చర్చ జరగలేదండీ. నాకు కావాల్సింది రెండే రెండు పనులు, శనివారం పూట రేంజిలో కాగితం మీద కాల్చుకోవాలి, నవంబర్లో జింక మీదికి పనికిరావాలి. దీనికి అడిగినవాడల్లా ఒక నంబర్ చెప్పాడు. .357 చాలు అన్నవాడు ఒకడు, అది ఉడతలకి అన్నవాడు ఇంకొకడు, .41 మాగ్నం అంటూ ఒకటుంది, 1964లో పుట్టి అటు .357 వాళ్లూ ఇటు .44 వాళ్లూ పిలవని పేరంటంలా ఉండిపోయింది, దాన్ని కూడా ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకుని రికమెండ్ చేశాడు. 1873 నాటి .45 కోల్ట్ చాలు, మా తాత అదే వాడాడు అని ఒకడు. అయిదే తూటాలు పట్టే .500 మాగ్నం కొనుక్కో, ఎలుగుబంటి వచ్చినా పనికొస్తుంది అని ఇంకొకడు. ఇండియానాలో ఎలుగుబంటి! మా ఊళ్లో ఇంత గొడవే లేదు, ఇండియాలో లైసెన్స్ ఉన్న మామూలు మనిషి రివాల్వర్ అంటే ఎక్కువగా కాన్పూర్ ఫ్యాక్టరీ .32యే, సర్కారు మనకోసం ముందే ఆలోచించి పెట్టింది. 2014లో నిర్భీక్ అని ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒకటి తీసుకొచ్చారు, టైటానియం అల్లాయ్, అప్పట్లో లక్షా ఇరవై వేల పైన, అదీ .32యే.

నేను మాత్రం మీ పేరు చూసి పడ్డా. మాగ్నం. తర్వాత తెలిసింది ఏంటంటే ఆ పేరు తీసుకొచ్చింది పెద్ద సైజు షాంపేన్ సీసా నుంచి అని. అంటే మీరు తుపాకీ లోకంలో ఫుల్ బాటిల్ అన్నమాట. పోనీ ఆ .44 అయినా నిజమా అంటే అదీ కాదు, మీ గుండు వ్యాసం కొలిస్తే .429 అంగుళం! .38 స్పెషల్ అని ఇంకో తూటా ఉంది, దాని గుండు కొలిస్తే .357. పాతకాలంలో గుండు, దాని వెనక మందు ఉండే ఇత్తడి షెల్లు బయటి కొలతంత లావు ఉండేదట, ఆ లెక్కన పెట్టిన పేర్లు, గుండు సన్నబడ్డాక కూడా పేరు మాత్రం మార్చలేదు. మూడొందల గజాల ప్లాటు అని రిజిస్ట్రేషన్ చేసి కొలిస్తే రెండొందల తొంభై వచ్చినా నోరు మూసుకున్న కుటుంబం మాది, అందుకని దీనికి నేనేం ఆశ్చర్యపోలేదు.

బరువుల లెక్క మాత్రం ఎందుకో నచ్చింది. మీ గుండు 240 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే గింజే, బార్లీ గింజ, 7000 గింజలైతే ఒక పౌను. మన కంసాలి గురివింద గింజలేసి బంగారం తూచినట్టు వీళ్లు సీసం తూస్తున్నారు. 240 అంటే పదిహేనున్నర గ్రాములు, అంటే దాదాపు రెండు కాసులు. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా రెండు కాసుల సీసం గాల్లోకి. నేను కొన్న యాభై తూటాల పెట్టె యాభై అయిదు డాలర్లు, అంటే ఒక్కో ఢాంకీ వంద రూపాయలకి దగ్గర. మా నాన్నకి చెప్పలేదు.

మీ చరిత్ర కూడా చదివానండోయ్. ఐడహోలో ఎల్మర్ కీత్ అని పెద్ద టోపీ పెట్టుకునే పశువుల రైతు కమ్ రచయిత ఒకాయన మీకంటే ముందున్న .44 స్పెషల్ తూటాలో తుపాకీ మందు దట్టించి దట్టించి, ఇంకా కావాలి ఇంకా కావాలి అని స్మిత్ అండ్ వెసన్ వాళ్లనీ రెమింగ్టన్ వాళ్లనీ ఏళ్ల తరబడి పోరితే 1955లో మీరు వెలిశారు. ఆయన మీతో ఆరొందల గజాల దూరంలో ఉన్న జింకని కొట్టానని రాసుకున్నాడు, దెబ్బ తగిలి పారిపోతున్నదాన్ని ఆపడానికంట. ఆ మాట మీద ఈరోజుకీ కొట్టుకుంటున్నారు జనం. మా ఊరి రచ్చబండ మీద కూడా ఒకాయన ఉండేవాడు, ఒకే గుండుకి రెండు అడవిపందులు అని, ఆయన్ని కూడా ఎవరూ కాదనలేదు, ఎందుకంటే కాఫీ డబ్బులు ఆయనే ఇచ్చేవాడు. తర్వాత 1971లో ఒక హాలీవుడ్ పోలీసు సినిమాలో హీరో చేతిలో మెరిశారు, ఇహ షాపుల్లో దొరకలేదు. హీరో ఒంటి మీద ఏ చొక్కా కనపడితే సంక్రాంతికి ఆ చొక్కా కొన్న జాతి మనది, మాకు చెప్పక్కర్లేదు లెండి.

ఇంకో సంగతి. జింక మీదకి గుండు దెబ్బ బలం, అంటే ఎనర్జీ, కనీసం వెయ్యి అడుగు-పౌన్లు ఉండాలి అని ఒక సూత్రం ఉంది, ఎవడు పెట్టాడో గానీ అందరి నోటా అదే. సరే అని పెట్టె మీద చూస్తే మామూలు ఫ్యాక్టరీ 240 గ్రెయిన్ తూటా నాలుగంగుళాల గొట్టంలోంచి 741. అంటే సూత్రం ప్రకారం మీరే ఫెయిలు! డెబ్బై ఏళ్లుగా మీతో జింకల్ని కొడుతూనే ఉన్నారు, ఆ చచ్చిన జింకలు ఈ సూత్రం చదవలేదు అనుకుంటా. రివాల్వర్ గుండు చేసే పని వేరు, రెండు ఊపిరితిత్తుల్లోంచి ఇటు దూరి అటు బయటికి రావాలి, అంతే, ఆ కన్నం ఎక్కడ పడిందన్నదే లెక్క. ఇది నాకు మా పక్కింటి పెద్దాయన చెప్పాడు. నలభై ఏళ్లుగా .357తో వేటాడుతున్నాడు, ఆరంగుళాల గొట్టం, పిడి మీద చెక్క అరిగి నున్నగా మారింది. నేను మిమ్మల్ని చూపించినప్పుడు చేత్తో తూచి చూసి, బాగుంది, ఇది ఎంతసేపు పట్టుకోగలవు అని మాత్రం అడిగాడు. నేను కిలోన్నరే కదా, సొరకాయంత అన్నా.

మొదటిరోజు రేంజిలో ఏం జరిగిందో మీకూ తెలుసు కానీ రికార్డు కోసం రాస్తున్నా. చెవుల్లో దూది లాంటి ప్లగ్గులు, వాటి మీద మళ్లీ మఫ్‌లు, అయినా మొదటి దెబ్బకి పళ్లు కదిలాయి. తూటాలు పెట్టే సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందులోంచి పక్కలకి మంట ఎగజిమ్మింది, అక్కడ వేలు పెట్టకు అని పెద్దాయన ముందే చెప్పబట్టి సరిపోయింది. మీరు నా నుదుటి వైపు లేచారు, నేను వెనక్కి. మొదటి ఆరూ వీరావేశంలో కాల్చేశా. టార్గెట్ మీద రెండు కన్నాలు ఉన్నాయి, ఒకటి పక్కవాడి దాని మీద. ఇంకో ఆరు. బొటనవేలు మొదలు ఎర్రబడింది. ముప్ఫై అయ్యేసరికి కాగితం కిందిభాగం, దాన్ని వేలాడదీసిన కర్ర, దాని ముందున్న మట్టి, ఈ మూడూ బాగా దెబ్బతిన్నాయి. తుపాకీ సైట్లు ఒంకరగా ఉన్నట్టున్నాయి అన్నా. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతకి ఇంగ్లీషు తెలిసుంటే పెద్దాయన అప్పుడే అనేవాడు.

అనలేదు, ఇటివ్వు అని మిమ్మల్ని తీసుకున్నాడు. నాకు వీపు పెట్టి ఏదో చేశాడు, సిలిండర్ మూసి ఇచ్చాడు. నాలుగు గదుల్లో తూటాలు, రెండు గదుల్లో కాల్చేసిన ఖాళీ షెల్లులు, ఏది ఎక్కడుందో నాకు తెలీదు. కాల్చు అన్నాడు. ఢాం. సరే. మళ్లీ గురి చూశా, ఊపిరి బిగబట్టా, నొక్కా. టిక్.

గుండు లేదు, మంట లేదు, మోత లేదు. కానీ గొట్టం మాత్రం రెండంగుళాలు కిందకి దిగింది, మోచేతులు బిగుసుకున్నాయి, కళ్లు రెండూ గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి, ఇంజెక్షన్ సూది కనపడగానే పిల్లాడు ముడుచుకున్నట్టు. మీరేం చెయ్యలేదు ఆ క్షణంలో, మొత్తం నేనే. పక్క లేన్లో ఒక పన్నెండేళ్ల అమ్మాయి .22తో తన కాగితం నడిమధ్యన పూలు పూయిస్తోంది, మా టిక్ విని ఇటు చూసి మళ్లీ తన పని చూసుకుంది. ఆ చూపుకి మిమ్మల్ని అక్కడే ఒదిలేసి ఇంటికెళ్లిపోదామనిపించింది.

ఇప్పటిదాకా మీరు, గారు అంటూ వచ్చా. ఇక్కణ్ణించి నువ్వే. దెబ్బలాడుకున్నాక గార్లేంటి.

పెద్దాయన తన .357 నా చేతికిచ్చాడు, అందులో .38 స్పెషల్ తూటాలు వేసి. రెండిటి గుండూ ఒకటే లావు, షెల్లు మాత్రం .38ది అంగుళంలో ఎనిమిదో వంతు పొట్టి, కాబట్టి .357 తుపాకీలో .38 తూటా దూరుతుంది, .38 తుపాకీలో .357 దూరదు. ఎంత మర్యాదగా ఉందో చెప్పలేను. భుజం మీద తట్టినట్టు తడుతుంది అంతే. ఉగాది పాట్‌లక్‌లో మిగిలిన పేపర్ ప్లేట్లు కారులో ఉంటే తెచ్చి పెట్టాం, తొమ్మిదంగుళాలవి, పులిహోర మరక కూడా ఉంది ఒకదాని మీద. జింక గుండే ఊపిరితిత్తులూ ఉండే చోటు ఇంచుమించు ఆ ప్లేటంతే. ఎంత దూరం నుంచి ఆరుకి ఆరూ ప్లేట్లో పడతాయో అదే నీ వేట దూరం, కాళ్లు వణుకుతున్నప్పుడు అందులోనూ కొంచెం తగ్గించుకో అన్నాడు. ఆయనకి యాభై గజాలు. నాకు నీతో లెక్క వేస్తే ఏడు గజాలొచ్చింది. ఏడు గజాల దగ్గరికి జింక వస్తే నేను తుపాకీ పక్కన పెట్టి దానికి గోంగూర పెడతా.

నెలరోజులు .38తో, తర్వాత .357తో కాలిస్తే నాకు పాతిక గజాలు వచ్చింది, ముప్ఫైకి ఒకటి జారుతుంది. అయితే .38తోనే జింకని కొట్టేయొచ్చు కదా అని తెలివిగా అడిగా. ఇండియానా రూలు ప్రకారం రివాల్వర్ గొట్టం కనీసం 4 అంగుళాలు ఉండాలి, షెల్లు పొడవు 1.16 అంగుళాలకి తగ్గకూడదు, మన .38 స్పెషల్ పొడవు ఎంతంటే 1.155! ఎంసెట్‌లో అర మార్కుతో సీటు పోయినోడి బాధ నాకు తెలుసు, ఆ తూటా మీద అప్పట్నుంచి ఒక రకమైన అభిమానం ఏర్పడింది. కాగితానికి .38, జింకకి .357, తుపాకీ ఒకటే. మూడు నెలల చర్చ, ఇరవై మంది సలహాలు, నీకు పోసిన డబ్బు, అన్నీ కలిపి తేలింది ఇదీ. ముందే ఆ ముసలాయన గేటు కొట్టి అడిగుంటే పది నిమిషాల్లో తేలేది.

నవంబర్ మధ్యలో సీజన్ మొదలైంది. నారింజ రంగు చొక్కా, నారింజ టోపీ, అయ్యప్ప మాల అనుకుని గుడి గ్రూపులో ఒకాయన స్వామి శరణం అని కూడా పెట్టాడు ఫోటో చూసి. పెద్దాయన చుట్టాల మొక్కజొన్న చేను అంచున, చెట్టుకి కట్టిన మంచె మీద కూర్చున్నా, చేతిలో నువ్వు కాదు, ఆయన దగ్గరే కొనుక్కున్న ఇంకో .357. మా అమ్మకి ఫోన్లో చెప్తే జింకని కొడితే జైలు కదరా అంది, ఇక్కడ లైసెన్స్ ఇస్తారమ్మా అంటే కాసేపు ఆగి, ఇచ్చినా సరే అంది. తెల్లారాక ఎనిమిది దాటింతర్వాత ఒకటి వచ్చింది, పెద్దదే, అరవై గజాలు. పక్కకి తిరిగి నిలబడింది, ముక్కులోంచి ఆవిరి కనపడుతోంది. నేనేమో పాతిక గజాల మనిషిని. అది గడ్డి కొరికింది, తల ఎత్తింది, ఇంకొంచెం కొరికింది, నేను చూస్తూనే ఉన్నా. సినిమా అయిపోయినట్టు వెళ్లిపోయింది. నువ్వు ఉండుంటే నేను కాల్చేవాణ్ణే, అదే నీతో నాకున్న గొడవ.

సీజన్ మొత్తం అంతే, కంచం ఖాళీ, మనసు బానే ఉంది. ఇంటికొచ్చి చూస్తే పెరట్లో మంచు మీద గిట్టల గుర్తులు, నేరుగా గోంగూర మడి దాకా వచ్చి, అక్కడ ఏమీ లేదని చూసి, తిరిగి పోయిన గుర్తులు.

నిన్ను అమ్మట్లేదు, భయపడకు. అమ్మితే సగం కూడా రాదు, పైగా మా ఆవిడ ముందు ఓడిపోయినట్టుంటుంది. వచ్చే శనివారం నువ్వు కూడా వస్తున్నావు రేంజికి, కాకపోతే నీ లోపల పడేది .44 స్పెషల్, 1907 నాటి మీ అక్కే, నెమ్మదస్తురాలు. పొట్టి తూటాలు కాలిస్తే గదుల్లో మసి ఉంగరంలా పేరుకుంటుంది, తర్వాత పొడుగువి ఇరుక్కుంటాయి అని తిడతావు, తెలుసు, బ్రష్షు ఆర్డర్ పెట్టా. పొడుగువి ఎలాగూ ఇప్పట్లో వెయ్యను.

ఇట్లు,
టిక్‌మన్నా కళ్లు మూసుకునే నీ యజమాని.

తా.క. కంచె వాడు మంగళవారం కొలతలకి వస్తున్నాడు.