బిల్ విథర్స్ పాటకు జరీ అంచు అక్కర్లేదు

అమెరికన్ గాయకుడు, పాటల రచయిత బిల్ విథర్స్‌కు నివాళి అనగానే వేదిక మీద ఒకటే తంతు. వెనక నలుగురు కోరస్, పక్కన సింథసైజర్, మధ్యలో కళ్లు మూసుకుని ఒక్కో మాటకు పది సంగతులు వేసే గాయకుడు. చప్పట్లు మోగుతాయి. పాట మాత్రం ఎక్కడో తప్పిపోతుంది. 2020 మార్చి 30న, ఊళ్లన్నీ తలుపులు బిగించుకున్న రోజుల్లో, 81 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూసిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆయన పాట 'లీన్ ఆన్ మీ'ని అప్పుడు జనం ఇళ్లలోంచి, వైద్య సిబ్బంది ఆసుపత్రుల్లోంచి పాడారు. శ్రుతి తప్పినవాళ్లూ ఉన్నారు. అయినా ఎన్నో ఖరీదైన కచేరీల కన్నా అదే అసలు నివాళి. వాళ్లు పాటను ఉన్నది ఉన్నట్టు పాడారు మరి.

ఆ పాట కట్టడం చూడండి. కుడిచేతి మూడు వేళ్లను సి, ఈ, జి మీటల మీద పెట్టి, ఆ ఆకారం చెదరకుండా చేతిని ఒక్కో తెల్లమీట చొప్పున పైకి జరిపితే పల్లవి మొదలైపోతుంది. మన లెక్కలో శంకరాభరణం స రి గ మ ఎక్కి, మ గ రి స దిగడమే. కొత్తగా కొన్న ఎలక్ట్రిక్ పియానో మీద విథర్స్ వేళ్లు అటూ ఇటూ నడిపిస్తుంటే దొరికిన వరస అది. చెయ్యి తిరిగిన పియానిస్టులు ఇక్కడే ఆగలేరు. ఆ మూడు స్వరాలకు తోడు సెవెన్త్‌లు, నైన్త్‌లు అనే అదనపు స్వరాలు కలుపుతారు, స్వరాల వరుస మార్చి నునుపు చేస్తారు. మెట్లెక్కుతున్నట్టు ఉండాల్సిన పాట లిఫ్టులో వెళ్తున్నట్టు అయిపోతుంది. చప్పట్ల దగ్గర ఇంకో తిప్పలు. జనం ఒకటో, మూడో దెబ్బ మీద కొడితే పాట కవాతులా తయారవుతుంది. డ్రమ్మర్ రెండో, నాలుగో దెబ్బ మీద స్నేర్ అనే చిన్న డ్రమ్మును గట్టిగా వాయిస్తే నాలుగు ఆవర్తాల్లో సభ దారికొస్తుంది. నోటితో చెప్పనక్కర్లేదు.

'ఎయింట్ నో సన్‌షైన్' కష్టం వేరు. అందులో 'ఐ నో' అన్న మాట 26 సార్లు వస్తుంది. నిజానికి అక్కడ ఇంకో చరణం రాద్దామనుకున్నారాయన. అలాగే ఉంచెయ్యమని స్టూడియోలో ఉన్నవాళ్లు చెప్పారు. ఆయనేమో అప్పటికి విమానాలకు టాయిలెట్లు తయారుచేసే కార్మికుడు. చుట్టూ ఉన్నది నిర్మాత బుకర్ టి. జోన్స్, బాస్ మీద డక్ డన్, డ్రమ్స్ మీద అల్ జాక్సన్. మాట విన్నారు. పాట మొత్తం రెండు నిమిషాల పైచిలుకు, అందులో ఆ ఒక్క మాట అన్నిసార్లు! నివాళి గాయకులు దీన్ని దమ్ము పరీక్ష అనుకుంటారు. ఒకే గుక్కలో లాగబోయి తాళం కన్నా ముందు పరుగెత్తుతారు. ఇరవయ్యో సారికి సభలో ఈలలు పడతాయి, గొంతు పెరుగుతుంది, లెక్క తప్పుతుంది, గిటార్ ఎక్కడ అందుకోవాలో తెలియక బిత్తరపోతుంది. తనకు తాను చెప్పుకుంటున్నట్టు, మొదటిదీ ఇరవై ఆరోదీ ఒకే స్థాయిలో అనాలి. వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నా తప్పులేదు.

దమ్ము చూపించాలంటే 'లవ్‌లీ డే' ఉంది. చివర్లో ఒకే స్వరాన్ని ఆయన 18 సెకన్లు నిలబెట్టారు. భుజాలు పైకి లేచేలా గాలి పీల్చినవారికి అది మొదటి అయిదు సెకన్లలోనే అయిపోతుంది. పొట్ట నిండా పీల్చి, సన్నగా ఎత్తుకుని, 'డే'లోని 'ఏ'ను తెరిచే ఉంచాలి. ముందే 'య్' వైపు మూస్తే గొంతు పట్టేస్తుంది.

పాట అన్నాక మార్చుకుంటేనే బతుకుతుందని వాదించేవారున్నారు. వారి చేతిలో గట్టి సాక్ష్యమే ఉంది: క్లబ్ నూవో బృందం 1987లో 'లీన్ ఆన్ మీ'కి కొత్త దరువు కట్టి మళ్లీ నంబర్ వన్ చేసింది, రాసినందుకు విథర్స్‌కు గ్రామీ తెచ్చిపెట్టింది. ఒప్పుకుంటాను. కానీ వాళ్లు కిందనున్న దరువు మార్చారు, పైనున్న వరసను గుర్తుపట్టేలాగే ఉంచారు.

అసలు ఈ అడగని మెరుగుల రోగం అభిమానులతో మొదలవలేదు. విథర్స్ పుట్టింది వెస్ట్ వర్జీనియాలోని స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గుగనుల ఊళ్లో. నత్తితో పెరిగారు, తొమ్మిదేళ్లు నౌకాదళంలో పనిచేశారు, ముప్పై దాటాక తొలి ఆల్బం చేశారు. దాని అట్ట మీద ఫ్యాక్టరీ దగ్గర టిఫిన్ పెట్టె పట్టుకుని నిలబడ్డ ఫొటో ఉంటుంది. వేషం కాదు, అప్పటికింకా ఉద్యోగం మానలేదు. ఇలాంటి మనిషికి పాటలెలా ఉండాలో నేర్పబోయారు కొలంబియా కంపెనీ పెద్దలు. ఎల్విస్ ప్రెస్లీ పాటొకటి మళ్లీ పాడమని సలహా వచ్చిందని ఆయనే చెప్పారు. సొంతంగా పాటలు అల్లే మనిషికి అది సలహానా, అవమానమా? 1978 తర్వాత 1985 దాకా ఆయన సొంత ఆల్బం రాలేదు. ఆ మధ్యలో, వేరే కంపెనీ విడుదల చేసిన శాక్సోఫోన్ కళాకారుడు గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ ఆల్బంలో 'జస్ట్ ద టూ ఆఫ్ అస్' పాడితే ఊరూవాడా మోగింది. అంటే ఎండిపోయింది బావి కాదు, మూత పెట్టినవాళ్లున్నారు.

1985 ఆల్బం తర్వాత ఆయన మరొకటి చేయలేదు, పోయేదాకా 35 ఏళ్లు. నాటి కంపెనీ పెద్దల కుర్చీల్లో ఇప్పుడు టీవీ పోటీల జడ్జీలున్నారు. 'ఎయింట్ నో సన్‌షైన్' పాడబోయే పిల్లాడికి 'నీ ముద్ర వెయ్యి' అని వాళ్లు చెప్పగానే, ఇరవై ఆరు 'ఐ నో'లలో ఓ పది ఎగిరిపోయి, వాటి చోట పైస్థాయి ఆలాపన వచ్చి కూర్చుంటుంది. దానికే ఎక్కువ మార్కులు పడతాయి.